అటు తిరిగి కూర్చున్నవాడు

"బాయీ, స్టోర్ రూమ్ తాళం నీ దగ్గరుందంట కదా, ఇటివ్వు. అలాగే మీ హెడ్ సర్ ఎక్కడున్నాడో చెప్పు."

కేతకి మోహితే తలెత్తింది. చేతిలో సున్నం డబ్బా, చెంప మీద సున్నం, మోకాళ్ళ దాకా మట్టి. ఎదురుగా తెల్లటి కొత్త బూట్లు కనబడ్డాయి. పొద్దుట్నించీ నడుం వంచి ఆమె గీసిన గీత మీదే అవి నిలబడి ఉన్నాయి.

"హెడ్ సర్ లేడు," అంది.

"సెలవా?"

"పుట్టలేదు."

కొత్త బూట్లవాడికి అర్థం కాలేదు.

"ఈ స్కూల్లో వ్యాయామ విభాగానికి హెడ్ సర్ ఇంకా పుట్టలేదు. హెడ్ బాయి ఉంది. ఆవిడ గీసిన గీతని మీరు తొక్కుతున్నారు."

ఈ స్కూలున్న సాంగ్లీ వైపు బళ్ళో పాఠం చెప్పే ఆడమనిషి ఎవరైనా బాయే. నగరం పక్క డోంబివ్లీలో ఇంగ్లీషు మీడియం చదివిన సారంగ్ గవాణేకి మాత్రం బాయి అంటే ఇంట్లో అంట్లు తోమే మనిషి. గేటు దగ్గర ప్యూన్ "బాయినడుగు" అన్నాడు, ఇతను వచ్చి అలాగే అడిగాడు. ఇప్పుడు చెవులు ఎర్రబడ్డాయి.

"సారీ మేడమ్. నేను కొత్తగా వచ్చిన..."

"తెలుసు. పరుగు పందాల కోచ్. సారీ నాకొద్దు. అంట్లు తోమే మనిషైనా సరే, ముక్కూ మొహం తెలియనావిడని 'నువ్వు' అనకూడదు. అన్నందుకు గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు."

"మేడమ్, నేను టీచర్ని."

"నేను హెడ్‌ని. బ్యాగ్ వరండాలో పెట్టండి, మబ్బు పట్టింది, పుస్తకాలు తడుస్తాయి."

రెండో రౌండులో వాన అందుకుంది. జూన్ మొదటి వాన, ఉత్తపుణ్యానికి మీద పడే రకం. వరండాలో నిలబడ్డ ఆడపిల్లలు కిలకిలలాడారు. అతను ఆగలేదు. కొత్త బూట్లు రెండూ రెండు మట్టిముద్దలయ్యాక వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అయిపోయాయి బాయీ," అన్నాడు.

మేడమ్ అనలేదు. కేతకి అది గమనించింది. గమనించనట్టు డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

*

బడిలో వ్యాయామ విభాగమంటే అందరికీ లోకువ. లెక్కల సిలబస్ మిగిలిపోతే పీటీ పీరియడ్ లాక్కుంటారు. మంత్రి వస్తే పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టడానికి వీళ్ళు కావాలి. సభ అయ్యాక కుర్చీలు మోయించడానికీ వీళ్ళే. కప్పు గెలిస్తే మాత్రం ఫోటోలో ముందు వరస కమిటీది. ఆట చదువు కాదని తేల్చేసినవాళ్ళే పిల్లలు బలహీనంగా ఉన్నారని సెమినార్లు పెడతారు.

ఈ విభాగాన్ని కేతకి ఆరేళ్ళుగా నడుపుతోంది. ఆమెకిప్పుడు ముప్పై ఒకటో ఏడు. ఆమెకన్నా ఇరవై ఏళ్ళు పెద్దయిన జగ్తాప్ సర్‌ని కాదని కమిటీ ఆమెకి కుర్చీ ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నోట రెండే మాటలు: "సరే బాయీ", "మీ ఇష్టం". ఆ రెండింటినీ తిట్టులా పలకడం ఆయన ఒక్కడికే చేతనవును. సాయంత్రం కాగానే స్కూలు నడిపే సంస్థ అధ్యక్షుడు ఆబాసాహెబ్ ఇంటి అరుగు మీద కూర్చుని గోడు వెళ్ళబోసుకుంటాడని ఊరంతటికీ తెలుసు.

కేతకికీ తెలుసు. తెలిసే పొద్దున్నే "నమస్కారం సర్" అంటుంది. హెడ్ అయినవాళ్ళు ఉడికిపోతున్నా పైకి చల్లగా కనబడాలి. ఓడిపోయిన పిల్లల ముందు కళ్ళు తడవకూడదు. గెలిచిన పిల్లల ముందు మరీ గెంతకూడదు, బెంచీ మీద కూర్చున్న పిల్ల చూస్తుంటుంది. ఇవి ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ చెప్పలేదు. దెబ్బ తగిలినప్పుడల్లా ఒక్కోటీ నేర్చుకుంది.

సారంగ్‌కి ఈ బరువులేం లేవు. పదిహేను రోజుల్లో ఆడపిల్లల ఖో-ఖో జట్టు మొత్తం అతని చుట్టూ చేరింది.

"సర్, మా బాయికి ఎప్పుడైనా నవ్వు వస్తుందా?" అనడిగాడొకసారి జగ్తాప్‌ని.

"వస్తుంది. జిల్లా పోటీల్లో గెలిచినప్పుడు."

"ఆఖరుసారి ఎప్పుడు గెలిచారు?"

"ఇంకా గెలవలేదు."

*

జూలైలో గార్గీని జట్టులోంచి తీసేయాల్సి వచ్చింది. టెన్త్ పిల్ల, జట్టు మొత్తంలో మెరుపు. కుడి మోకాలు రోజూ వాస్తోంది, పిల్ల బిగ్గరగా నవ్వుతూ దాస్తోంది. కేతకి డాక్టర్‌ని కలిసి వచ్చి, పిల్లని పిలిచి, మొహం మీదే చెప్పేసింది. మర్నాడు తండ్రి వచ్చాడు. టెంపో నడిపే మనిషి, ఇంజిన్ ఆపకుండానే దిగాడు.

"ఆరో క్లాసు నుంచీ మీ వెనకే తిరిగింది బాయీ మా పిల్ల. తీరా మెడల్ వచ్చే ఏడు తీసి పారేస్తారా?"

"ఆరో క్లాసు నుంచీ నా వెనక తిరిగింది కాబట్టే తీసేశాను. ఆ మోకాలితో ఈ ఏడు ఆడితే పాతికేళ్ళకి మెట్లెక్కలేదు."

"ఆ సంగతి మేం చూసుకుంటాం."

"నేను చూస్తూ ఊరుకోను. ఆడనివ్వను."

"నీకు పిల్లలుంటే తెలిసేది," అనేసి టెంపో ఎక్కాడు.

కేతకి గ్రౌండులో అలాగే నిలబడింది. "సాయలీ, పిల్లల్తో వార్మప్ చేయించు," అని కెప్టెన్‌కి చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. తర్వాత జగ్తాప్ వైపు తిరిగి, "నేను స్టాక్ చూసుకోవాలి," అని స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

సారంగ్ చెవి మీద పెన్ను పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికి?" అన్నాడు జగ్తాప్.

"బాయికి సాయం చేద్దామని."

"కూర్చో. ఆ స్టాక్ చూసుకోవడానికి సాయం ఉండదయ్యా."

"బాల్సూ మ్యాట్లూ అన్నీ ఒక్కరే ఎలా లెక్కపెడతారు సర్?"

"ఒక్కతే లెక్కపెడుతుంది, ఒక్కతే," అని జగ్తాప్ ఇంకేం చెప్పకుండా అటు తిరిగాడు. సారంగ్‌కి విడమర్చి చెబితే తప్ప అర్థం కాదు. వెళ్ళి తలుపు తోశాడు.

దొంతర పెట్టిన మ్యాట్ల మీద కేతకి కూర్చుని ఉంది. చున్నీ కొస నోట్లో కుక్కుకుంది, చప్పుడు బయటికి పోకుండా. మొహమంతా తడి.

అప్పుడర్థమైంది అతనికి.

"బయటికి పొండి," అంది ఆమె.

"పోతాను. ఇప్పుడు తలుపు తీస్తే ఎదురుగా పిల్లలున్నారు, మిమ్మల్ని చూసేస్తారు." తలుపు దగ్గరికి వేసి, వచ్చి ఆమె పక్కనే మ్యాట్ల మీద కూర్చున్నాడు. ఆమె కిటికీ వైపు, ఇతను గోడ వైపు. "నేను ఇటు చూస్తుంటాను. ఖో-ఖోలో పక్కపక్క వాళ్ళు ఒకే వైపు తిరిగి కూర్చోకూడదుగా. రూలే."

ఆమె చున్నీ ఇంకా గట్టిగా నొక్కుకుంది. కాసేపటికి ఆపుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. ఈసారి చున్నీ ఆపలేకపోయింది.

సారంగ్ గొంతు పెంచాడు. బయట పిల్లలకి వినబడేలా అరిచాడు.

"వాలీబాల్ ఒకటి. ఇంకో వాలీబాల్, గాలి లేదు. ఇదేంటి బాయీ, తాడా? తాడు బానే ఉంది. డంబెల్ ఒకటి, జత ఏదీ? జత పోయింది. షటిల్ బ్యాటు, దీన్ని ఎలుక ఆడినట్టుంది."

గోడకి చెబుతున్నట్టు అరిచాడు. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. ఏడుపు మధ్యలో కేతకికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"లేని వస్తువులు లెక్కపెట్టకండి," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఈ స్కూల్లో డంబెల్సే లేవు."

"అందుకే జత పోయిందన్నాను."

బయటికి వచ్చాక జగ్తాప్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "స్టాక్ సరిపోయిందా?" అన్నాడు.

"సరిపోయింది సర్," అంది కేతకి.

*

ఆ తర్వాత ఇంకేం చెప్పాలి, ఆగస్టంతా వానలే. గ్రౌండు చిత్తడైతే ప్రాక్టీస్ వరండాలోకి మారేది. వరండా కూడా తడిస్తే గేటు బయట వడాపావ్ బండి దగ్గర ఒకే గొడుగు కింద సగం గ్లాసు కటింగ్ చాయ్. గొడుగు ఆమెది. పట్టుకునేది అతను. తడిసేది కూడా అతనే, ఎడం భుజం.

"మా అమ్మ ఫోన్ చేసింది," అన్నాడొకరోజు. "పోహే తినడానికి ఎప్పుడు రమ్మంటావని అడుగుతోంది."

అక్కడ పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళకి అమ్మాయి తెచ్చిపెట్టేది ఉల్లిపాయ పోహే, అంటే అటుకుల ఉప్మా. ఆ మాట వింటే చాయ్ గొంతులో అడ్డం పడాలి. కేతకికి పడింది.

"నాకు పోహే చేయడం రాదు."

"నాకొచ్చు. వెనక గుమ్మంలోంచి అందిస్తాను, నువ్వు ట్రేలో పెట్టుకుని రా."

"నిమ్మకాయ పిండుతావా?"

"పిండుతాను, కొబ్బరి కూడా జల్లుతాను. ఇంతకీ రమ్మననా?"

కేతకి వాన వైపు చూసింది. ఔనని నాలిక చివరి దాకా వచ్చింది. ఆమెకి ఆజ్ఞలివ్వడం వచ్చు, ఓదార్చడం వచ్చు. తన సంగతి తాను చెప్పుకోవడం మాత్రం రాదు.

"జిల్లా పోటీలయ్యాక రమ్మను," అంది.

"రావద్దని మాత్రం అనలేదు," అని సారంగ్ గొడుగు వదిలేసి వానలో గ్రౌండు దాకా పరుగెత్తాడు. గొడుగు గాలికి ఎగిరి వడాపావ్ బండి మీద పడింది. బండివాడు తిట్టాడు.

ఆ తిట్లు ఊరంతా విన్నారు. నాలుగు రోజుల్లో ఆబాసాహెబ్ దగ్గర్నించి కబురొచ్చింది.

"సంతోషం మోహితే బాయీ," అన్నాడు ఆబా. తెల్ల టోపీ, వక్కపలుకులు, అరవై దాటిన మనిషి. "కుర్రాడు మంచివాడు. ఇక హెడ్ పని అతనికి అప్పజెప్పెయ్."

"ఎందుకు ఆబా?"

"ఎందుకేంటి? మొగుడనేవాడు పెళ్ళాం ముందు నిలబడి సెలవు చీటీ మీద సంతకం పెట్టించుకుంటాడా? ఊళ్ళో నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

"నవ్వేది నిన్ను కాదు, నన్ను. సంస్థ నాది."

"అతను నా కన్నా బాగా నడుపుతాడంటే ఇప్పుడే దిగిపోతాను. అలా అంటున్నారా?"

"అదెవరన్నారు? నువ్వు బాగానే నడుపుతున్నావు. కానీ పద్ధతంటూ ఒకటుంది." వక్క బుగ్గన పెట్టుకున్నాడు. "సోమవారం కమిటీ. కుర్చీయో, కుర్రాడో, తేల్చుకుని రా."

*

శనివారం ప్రాక్టీస్‌లో సాయలీ మోకాలి పట్టీ కట్టుకుంటూ అంది, "బాయీ, సారంగ్ సర్ ఘాట్ రోడ్డు అవతలి బ్రాంచి స్కూలుకి వెళ్ళిపోతున్నారంట. ఆఫీసులో చీటీ కూడా ఇచ్చేశారంట. మరి మాకు పరుగెవరు నేర్పుతారు?"

కేతకి గ్రౌండు అడ్డంగా దాటి అతని దగ్గరికి వెళ్ళింది. అతను సెకన్ల గడియారం చూసుకుంటున్నాడు. తలెత్తి, ఆమె మొహం చూసి, గడియారం జేబులో పెట్టుకున్నాడు.

"నేనే చెబుదామనుకున్నాను," అన్నాడు. "ఆబా మాట జగ్తాప్ సర్ చెప్పారు. నేను అటు వెళ్ళిపోతే నీ కుర్చీ నీకుంటుంది, పెళ్ళీ ఆగదు. ఎవరికీ నష్టం లేదు కదా."

"ఎవర్నడిగావు?"

"నీ కోసమే..."

"నా కోసం సరే. నన్నడిగావా?"

సారంగ్ జేబులోని గడియారం తడుముకున్నాడు.

"తరిమేవాడు వెనకనుంచి వచ్చి వీపు మీద చెయ్యేసి ఖో అనాలి. అనకముందే కూర్చున్నవాడు లేచిపోతే ఏమంటారు?"

"ఫౌల్."

"గట్టిగా చెప్పు. పిల్లలకి వినబడలేదు."

"ఫౌల్," అన్నాడు గట్టిగా. పిల్లలు ఎక్కడి వాళ్ళక్కడ ఆగిపోయి చూస్తున్నారు.

"నువ్వు వెళ్ళిపోతే నెగ్గేది ఆబా. రేపు సైన్స్ బాయికి పెళ్ళి కుదిరితే ఆవిడ మొగుడు ఏ ఘాట్ ఎక్కాలి? నీ త్యాగం నాకక్కర్లేదు సారంగ్. త్యాగం చేసినవాణ్ణి జీవితాంతం మొయ్యాలి, నాకు మోసే ఓపిక లేదు. నాకు ఈ జట్టుకి కోచ్ కావాలి. ఇంట్లోకి మొగుడు కావాలి. రెండూ ఒక్కడే అయితే ఎవరబ్బ సొమ్ము పోయింది?"

వానచినుకులు మొదలయ్యాయి. సారంగ్ మొహం మీద నవ్వు పాకుతోంది.

"ఇంట్లోకి ఏం కావాలన్నావు?"

కేతకికి తానేమన్నదీ అప్పుడు తెలిసింది. వెనక పదిహేనుమంది ఆడపిల్లలు ఒక్కసారి "హో" అన్నారు.

"చీటీ వెనక్కి తీసుకో," అంది మొహం ఎర్రబడుతుంటే. "సోమవారం నేను మాట్లాడతాను. నేను చెప్పేదాకా నువ్వు నోరెత్తొద్దు."

*

కమిటీ గదిలో చాయ్, బిస్కెట్లు. ఆబా మధ్యలో, చెరో పక్క ఇద్దరు సభ్యులు. కేతకి నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను సారంగ్‌ని పెళ్ళి చేసుకుంటున్నాను," అంది. "హెడ్‌గా నేనే ఉంటాను. అతను నా కిందే పనిచేస్తాడు. కుదరదనే రూలు ఏదైనా ఉంటే చూపించండి, చదువుకుంటాను."

"రూలు లేదని నీకూ తెలుసు," అన్నాడు ఆబా. "ఇది పద్ధతి. మగాడు ఆడదాని కింద, అదీ సొంత పెళ్ళాం కింద... విభాగం నడవదు. నా మాట కాదు, విభాగంలో పెద్దాయనే చెబుతాడు. జగ్తాప్, నువ్వు చెప్పు."

కేతకి జగ్తాప్ వైపు చూసింది. ఆరేళ్ళ గోడు. ఆబా అరుగు మీద రోజూ వినిపించింది ఇప్పుడు కమిటీలో వినిపిస్తాడు. అయిపోయింది.

జగ్తాప్ సర్ లేచాడు. లేవడానికి సమయం తీసుకున్నాడు.

"నన్ను కాదని ఈ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టారు ఆబా. నాకు కాలింది. ఇప్పటికీ కాలుతోంది, అబద్ధం ఎందుకు."

"అదే కదా నేననేది."

"ఆగండి. నా సెలవు చీటీ మీద సంతకం పెట్టేది ఈవిడే. మా అమ్మ పోయినప్పుడు నేను అడక్కముందే సెలవిచ్చి ఇంటికి పంపింది. నేనొచ్చేదాకా నా పీరియడ్లు కూడా తనే తీసుకుంది, ఎవరికీ చెప్పుకోలేదు. ఆరేళ్ళుగా ఈవిడ కింద పనిచేస్తున్నాను. నేను మగాణ్ణి కాదా?"

సభ్యుల్లో ఒకాయన చాయ్ కప్పు నోటి దగ్గరే ఆపాడు.

"ఆరేళ్ళు నాకు కుదిరింది. మొగుడికి కుదరదా? కుదరకపోతే వాడు పెళ్ళి మానుకోవాలి. ఈవిడ కుర్చీ ఎందుకు మానాలి?"

"మరి రోజూ మా అరుగు మీద కూర్చుని ఏడ్చేవాడివి కదయ్యా," అన్నాడు ఆబా.

"ఏడ్చాను. నాకు పదవి రాలేదని ఏడ్చాను. ఈవిడకి పని రాదని ఏనాడైనా అన్నానా? గుర్తు తెచ్చుకోండి."

ఆబా గుర్తు తెచ్చుకున్నాడు. దొరకలేదు. విసురుగా సారంగ్ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పవోయ్. నీకు సిగ్గుగా ఉండదూ?"

సారంగ్ కేతకి వైపు చూశాడు. నోరెత్తొద్దన్నది గుర్తుంది. ఆమె చెప్పమన్నట్టు తలాడించింది.

"నేను పరుగు నేర్పగలను ఆబా. పిల్లనెప్పుడు ఆడించాలో, ఎప్పుడు ఆపాలో, తండ్రి మీదికొచ్చినా ఎలా నిలబడాలో నాకు రాదు. రాని పనిని మగాణ్ణని ఇస్తే, అప్పుడుంటుంది సిగ్గు."

ఆబా ఇంకో వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నాడు.

"సరే," అన్నాడు ఆబా కేతకితో. "ఉండు. కానీ జిల్లా పోటీల్లో ఓడావనుకో..."

"ఓడితే ఓడినందుకు అడగండి. పెళ్ళయినందుకు అడక్కండి."

ఆబా ఆమెనే చూశాడు. టోపీ తీసి బట్టతల గోక్కున్నాడు. "మా ఇంట్లో ఆడవాళ్ళు ఇలా మాట్లాడి ఉంటే నేను ఎమ్మెల్యేనయ్యేవాణ్ణి," అని గొణిగాడు. తర్వాత, "పోహేకి నన్ను పిలుస్తావా, అది కూడా నీ ఇష్టమేనా?" అన్నాడు.

"మీరే పెద్దమనిషిగా కూర్చోవాలి ఆబా."

"చేసేది నేనే," అన్నాడు సారంగ్. ఎవరికీ అర్థం కాలేదు.

*

వరండాలోకి వచ్చేసరికి వాన కుమ్మరిస్తోంది. జగ్తాప్ సర్ గొడుగు విప్పుకున్నాడు. కేతకి ఏదో అనబోయింది.

"ఏం చెప్పొద్దు," అన్నాడాయన. "నాకింకా కాలుతూనే ఉంది. రేపు పొద్దున మొదటి పీరియడ్ నాదా, మీదా?"

"మీది సర్."

"సరే బాయీ." ఆ మాట ఎప్పటిలాగే అన్నాడు. కేతకికి మాత్రం తిట్టులా వినబడలేదు.

ఆయన వెళ్ళాక సారంగ్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"పిల్లల ముందు మొగుడు కావాలన్నావు. కమిటీ ముందు పెళ్ళి చేసుకుంటానన్నావు. ఊరందరికీ చెప్పావు. ఇష్టమని నాతో మాత్రం ఇంకా అనలేదు."

"తెలియదా?"

"తెలుసు. వినాలనుంది."

కేతకి గ్రౌండు వైపు చూసింది. గీసిన గీతలన్నీ నీళ్ళలో కరిగిపోతున్నాయి. అతను తొందరపెట్టలేదు.

"ఇందాక లోపల నా కాళ్ళు వణికాయి," అంది.

"నాకు కనబడలేదే."

"కనబడనివ్వను. ఎవరికీ కనబడనివ్వలేదు, ఇన్నేళ్ళలో. ఎవరికీ చెప్పలేదు కూడా." ఇటు తిరిగింది. సూటిగా అతని మొహంలోకి చూసింది. "నీకు చెబుతున్నాను. చెప్పాలనిపిస్తోంది. నాకు తెలిసి ఇష్టమంటే అదే. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు."

సారంగ్‌కి ఎప్పుడూ నోటి చివర ఉండే జోకు ఈసారి రాలేదు. చెయ్యి చాచాడు. ఆమె తన చెయ్యి అందులో పెట్టింది. అతను రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాడు.

అవతలి వరండాలో జట్టు మొత్తం గ్రిల్ పట్టుకుని వేలాడుతోంది.

"చూస్తున్నారు," అన్నాడు.

"చూడనీ," అంది కేతకి. చెయ్యి తీసుకోలేదు.